సావు సముద్రం ఒడ్డున ఒక ఊరు: జులై నెల ఉత్తరం

అమ్మలకు, నాన్నలకు నమస్కారం.

ఈ నెల ఉత్తరాన్ని వానాకాలం జ్వరాల గురించి మొదలుపెడదామనుకున్నాను. కానీ పది రోజులుగా నాకొస్తున్న ఫోన్లన్నీ ఒకే ఊరి గురించి, అందుకే ముందు ఆ సంగతే.

ఏడో తరగతి గోడ మీద ఇండోనేషియా మ్యాప్ పెట్టాం. అందులో కింద వైపు, తీమోర్‌కి పైన, లెంబాటా అని చిన్న దీవి ఉంది. దాని దక్షిణపు ఒడ్డున ఉన్న ఊరు లమలేరా. దాని ముందున్న సముద్రం పేరు సావు. ఆ పేరు చదవగానే క్లాసంతా ఘొల్లుమంది. మన ఇళ్ళల్లో సావంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు కదా! అక్కడ అది దగ్గర్లోని ఒక దీవి పేరు, అంతే. కానీ ఆ నవ్వుతోనే పాఠం పట్టాలెక్కింది.

లమలేరావాళ్ళు తిమింగలాలను వేటాడతారు. ఫోన్లు వచ్చింది ఇక్కడే. ఒక నాన్నగారు రాత్రి తొమ్మిదిన్నరకి చేసి, "సార్, తిమింగలాలను చంపేవాళ్ళ గురించి పిల్లలకి చెప్పడమేంటి, పాప అన్నం తినలేదు" అన్నారు. ఇంకొకరు ఇది పరీక్షలో వస్తుందా అని అడిగారు. రాదండి. మొదటి ప్రశ్నకి మాత్రం ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను.

ఆ ఊరు అగ్నిపర్వతాల నేల మీద, కొండవాలున, రాళ్ళలో ఉంది. జొన్నలూ వరీ పండించుకుని బతికే నేల కాదు. అందుకే తరతరాలుగా వాళ్ళ తిండి సముద్రమే. వేట సీజన్‌ని లేఫా అంటారు, మే నుంచి అక్టోబరు దాకా. మనకి ఎండలు మండి వానలు పడే ఆ నెలలు వాళ్ళకి పొడి కాలం, భూమధ్యరేఖకి అవతలున్నారు కదా. వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. పిల్లలిప్పుడు ఇంటర్వెల్‌లో "అక్కడ అన్నాల టైమైపోయింది" అని లెక్కలు కడుతున్నారు.

మే 1న ఒడ్డు మీదే చర్చి ప్రార్థన జరుగుతుంది, ఊరంతా క్యాథలిక్కులే. దానికి ముందు సముద్రంలో పోయినవాళ్ళ కోసం వేరే ప్రార్థన. ఇవి కాక, చర్చి రాకముందు నుంచీ ఉన్న మొక్కులు కూడా ఉన్నాయి, కొండ మీద తిమింగలం ఆకారంలో ఉన్న రాయి దగ్గర పూజ చేసి తిమింగలాలను పిలుస్తారు. వేట నిషేధం అయిపోయి జూన్‌లో పడవ దింపే ముందు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టే ఇళ్ళ పిల్లలకి ఇదేమీ వింతగా అనిపించలేదు.

పడవని తేనా అంటారు. ఇనప మేకు లేకుండా చెక్క సీలలతో బిగిస్తారు, తెరచాపని తాటిలాంటి ఒక చెట్టు ఆకులతో అల్లుతారు. ఒడ్డున ఎవరికైనా తిమింగలం కనపడితే "బలేయో!" అని కేక వేస్తారు, ఆ కేక నోటి నుంచి నోటికి ఊరంతా పాకుతుంది. పడవ ముక్కు దగ్గర పలక మీద నిలబడే మనిషి లమాఫా. అతను వెదురు గెడకి కట్టిన బల్లెం విసరడు, బల్లేన్ని పట్టుకునే తిమింగలం మీదికి దూకుతాడు, తన బరువంతా దాని మీద పడేలా. తర్వాత ఈదుకుంటూ పడవెక్కాలి. 1994లో ఒక తిమింగలం పడవల్ని తీమోర్ వైపు లాక్కుపోతే, నడిసముద్రంలో ఉన్నవాళ్ళని దారిన పోయే ప్రయాణికుల ఓడ కాపాడింది. ఇప్పుడు మోటారు పడవలు తేనాని దగ్గరదాకా లాక్కెళ్తున్నాయి, దూకేది మాత్రం ఇంకా తేనా మీద నుంచే.

అన్నిటినీ వేటాడరు కూడా. వాళ్ళు ప్రధానంగా పట్టేది స్పెర్మ్ తిమింగలాన్ని. నీలి తిమింగలం జోలికి పోరు, తమ పూర్వీకుల్ని ఒకసారి అది కాపాడిందని కథ.

వాటాల సంగతి వింటే మీరూ మీ తాతల్ని తలుచుకుంటారు. ఒడ్డుకి చేరిన తిమింగలంలో ఏ భాగం ఎవరిదో ముందే ఖాయం. లమాఫాకి, తెడ్డు వేసినవాళ్ళకి, పడవ కట్టిన వడ్రంగికి, బల్లెం కొట్టిన కమ్మరికి, తెరచాప వాళ్ళకి వాటాలుంటాయి. తల భాగంలో ఆ నేలకి మొదటి హక్కుదారులైన వంశానికి వాటా. వితంతువులకీ ముసలివాళ్ళకీ కూడా బంధువుల ద్వారా కొంత చేరుతుంది. పడవ పాలు, వల పాలు అని మన రేవుల్లో లెక్క కట్టే పద్ధతికి ఇది దూరం చుట్టమే.

ఎండబెట్టిన మాంసాన్ని ఆడవాళ్ళు బుట్టల్లో నెత్తిన పెట్టుకుని కొండ ఊళ్ళకి, శనివారం వులందోని సంతకి తీసుకెళ్తారు. అక్కడ డబ్బుకి బదులు సరుకే. ఇంత మాంసానికి ఇన్ని మొక్కజొన్న కంకులు, ఇన్ని అరటిపళ్ళు అని మారకం. మన లెక్కల టీచర్ దాన్ని పట్టుకుని నిష్పత్తుల పాఠం లాగించేశారు, పిల్లలు ఎండు చేప ముక్కలకి గోళీలు మార్చుకున్నారు. (ఆ వాసనకి రెండు రోజులు క్లాసులో కూర్చోలేకపోయాం, అందుకు క్షమించాలి.)

ఇక ఆ పాప అన్నం తినని విషయం. చంపడం బాధ కలిగిస్తే ఆ బాధ తప్పు కాదని తనకి నేనే చెప్పాను. తిమింగలాల వ్యాపార వేటని ఆపాలని అంతర్జాతీయ తిమింగలాల సంఘంలోని దేశాలు 1982లోనే తీర్మానించాయి, కానీ ఇండోనేషియా ఆ సంఘంలో సభ్యురాలే కాదు, పైగా లమలేరాది తిండి కోసం సాగే వేట. మంటా అనే పెద్ద టేకు చేపని ఇండోనేషియా 2014లో రక్షిత జీవిగా ప్రకటించింది, అదే చేపని లమలేరావాళ్ళు కూడా ఎన్నో ఏళ్ళుగా పడుతున్నారు. అది చాలా అరుదుగా, ఒక్కొక్క పిల్లనే కంటుంది. నా మటుకు నేను ఈ ఒక్క విషయంలో చట్టం వైపే ఉన్నాను, తిమింగలం విషయంలో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. పిల్లల ముందూ ఇదే అన్నాను. హెడ్‌మాస్టర్‌కి తెలియదా అని వాళ్ళు కొంచెం నిరాశపడ్డారు.

ఈ పాఠం మానేయమంటే మానేస్తామేమో గానీ, సగంలో మాత్రం కాదు. వాటా ఎవరికి పోతుందో వినకుండా "చెడ్డవాళ్ళు" అని రాసిన పేపర్లు నా టేబుల్ మీద పదకొండున్నాయి, ఆ పిల్లలందరూ ఇంకోసారి రాస్తున్నారు. అభిప్రాయం మార్చుకోమనలేదు, కారణం రాయమన్నాను.

మీ నుంచి కావాల్సింది ఒకటే. వచ్చే శనివారం మధ్యాహ్నం, వేటకి పోయే ఇళ్ళ నుంచి తాతయ్యలో నాయనమ్మలో ఎవరైనా ఇద్దరు వస్తే చాలు, పాత రోజుల్లో తెప్ప మీద వచ్చిన చేపని ఎలా పంచేవారో పిల్లలకి చెప్పాలి. కుర్చీలు, టీ మావి. ఎండు చేపలు మాత్రం తేవద్దు.

మీ హెడ్‌మాస్టర్