మరుగుదొడ్డి కట్టిస్తే చాలదు, వెళ్లనివ్వాలి: కార్మిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పనిచేసే చోట మరుగుదొడ్డి ఉండాలని చట్టం చెబుతుంది. అవసరం వచ్చినప్పుడు మనిషి సీటు వదిలి అక్కడిదాకా వెళ్లగలుగుతున్నాడా అన్నది మాత్రం ఎవరూ చూడరు. తనిఖీకి వచ్చిన అధికారి గదులు లెక్కపెడతారు, కుళాయి తిప్పి చూస్తారు, రిజిస్టర్‌లో రాసుకుని వెళ్లిపోతారు. ఆ గదికి వెళ్లాలంటే టోకెన్ కావాలా, సూపర్‌వైజర్‌ను బతిమాలుకోవాలా, జీతంలో కోత పడుతుందా అన్నవి ఆ రిజిస్టర్‌కు ఎక్కవు. నిబంధనల్లో ఈ లోటును పూడ్చమని అడుగుతున్నాం.

ముందు శరీరం సంగతి. మూత్రపిండాలు నిమిషానికి సుమారు ఒక మిల్లీలీటరు మూత్రాన్ని తయారుచేస్తాయి, నీళ్లు బాగా తాగితే ఇంకా ఎక్కువ. పెద్దవాళ్ల మూత్రాశయంలో మామూలుగా పట్టేది 300 నుంచి 500 మిల్లీలీటర్లు. అది పూర్తిగా నిండకముందే వెళ్లాలనిపిస్తుంది కాబట్టి ఏ జబ్బూ లేనివాళ్లకైనా మూడు నాలుగు గంటలకోసారి వెళ్లాల్సి వస్తుంది. గర్భిణికి, షుగర్ అదుపులో లేనివాళ్లకు, ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్లకు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు గంటకే రావచ్చు. షిఫ్టుకు రెండుసార్లు, ఒక్కోసారి అయిదు నిమిషాలు అని గోడకు అంటించే కాగితం వీళ్లెవరినీ దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు.

ఆపుకోమంటే ఎవరైనా మొదట చేసే పని నీళ్లు తాగడం మానేయడం. నష్టం అక్కడే మొదలవుతుంది. మూత్రం తగ్గి చిక్కబడితే మూత్రనాళంలోకి చేరిన బ్యాక్టీరియా కొట్టుకుపోదు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఆడవాళ్లలో ఆ నాళం పొడవు నాలుగు సెంటీమీటర్లే కాబట్టి అది తొందరగా మూత్రాశయానికి చేరుతుంది. చిక్కబడ్డ మూత్రంలో రాళ్లు కట్టే అవకాశమూ పెరుగుతుంది. బాయిలర్, ఫర్నేస్ దగ్గర పనిచేసేవాళ్లు నీళ్లు మానేస్తే వడదెబ్బకు ప్రాణం మీదికి వస్తుంది. మలవిసర్జన ఆపుకుంటే పెద్దపేగు అందులోని నీటిని పీల్చుతూనే ఉంటుంది. గట్టిపడి మలబద్ధకం, ఆపైన మొలలు. నెలసరి రోజుల్లో ప్యాడ్ మార్చుకోవడానికి అనుమతి అడగాల్సి రావడం ఎంత బాధో వేరే చెప్పనక్కర్లేదు.

చట్టాలకు ఈ విషయం తెలియదని కాదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్ మరుగుదొడ్లు కార్మికులకు 'అన్ని వేళలా' అందుబాటులో ఉండాలంది. దుకాణాలు, కార్యాలయాల పరిశుభ్రతపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964లో 120వ ఒప్పందం చేసింది. అమెరికాలో వృత్తి భద్రతా సంస్థ 1998 ఏప్రిల్‌లో ఇంకాస్త ముందుకెళ్లి, గది ఉంటే చాలదు, అవసరమైనప్పుడు వాడుకోనివ్వాలి, అకారణంగా ఆంక్షలు పెట్టకూడదు అని స్పష్టంగా రాసింది. మేం అడిగేది ఆ రెండో ముక్కే. 'అందుబాటు' అన్న మాటకు మన నిబంధనల్లో కొలత లేదు.

కొలత లేకపోతే ఏమవుతుందో చూడండి. ఫ్యాక్టరీలో ఒక ఉత్పత్తి లైన్‌లో 60 మంది ఆడవాళ్లు, 25 మందికి ఒకటి చొప్పున మూడు టాయిలెట్లు. కాగితం మీద అంతా సవ్యంగా ఉంది. టీ విరామం పది నిమిషాలు, అందరికీ ఒకేసారి. వెళ్లడానికి రెండు నిమిషాలు, తిరిగి రావడానికి రెండు. మిగిలింది ఆరు. ఒక్కొక్కరికి రెండున్నర నిమిషాలు వేసుకుంటే ఆ ఆరు నిమిషాల్లో మూడు గదుల్లో పనికానిచ్చుకునేది ఆరుగురు. మిగతా 54 మంది క్యూలో నుంచే వెనక్కి వస్తారు. అవే మూడు గదులను షిఫ్టు పొడవునా ఎవరికి అవసరమైనప్పుడు వాళ్లను వాడుకోనిస్తే, 60 మంది రెండేసిసార్లు వెళ్లినా పట్టేది 300 గది-నిమిషాలు, ఎనిమిది గంటల షిఫ్టులో మూడు గదులకూ కలిపి ఉన్నవి 1,440. అంటే గదులు చాలకపోవడం కాదు, వెళ్లే వేళను బిగించడమే ఇక్కడి తప్పు.

లైన్ ఆగిపోతుందని యాజమాన్యాలు అంటాయి. లేచినవాళ్ల చోట కాసేపు కూర్చుని అది ఆగకుండా చూసేవాడే రిలీవర్. 20 మంది ఉన్న లైన్‌లో ఒక్కొక్కరు రెండుసార్లు, ఎనిమిదేసి నిమిషాలు లేచినా అయ్యేది 320 నిమిషాలు, ఎనిమిది గంటల షిఫ్టులో 480 ఉంటాయి. ఒక్క రిలీవర్ సరిపోతాడు, అతనికీ విరామం మిగులుతుంది. కానీ ఎవరో ఒకరు సెలవు పెట్టగానే రిలీవర్‌ను తీసుకెళ్లి ఆ మెషీన్ మీద కూర్చోబెడతారు. ఇక ఆ రోజంతా లైన్‌లో ఎవరూ కదలరు. దాదాపు ప్రతిచోటా ఏర్పాటు చెడేది ఇక్కడే. అందుకని రిలీవర్‌ను ఉత్పత్తి లెక్కలో చూపకూడదని, గైర్హాజరైనవాళ్ల స్థానంలో వాడకూడదని నిబంధనలో రాయాలి. లైన్‌లోని అన్ని స్థానాల పనీ వచ్చినవాళ్లనే ఆ పనిలో పెట్టాలి.

కాల్ సెంటర్లలో తాళం వేరే రకం. లేచేముందు ఫోన్‌ను 'వ్యక్తిగత విరామం' కోడ్‌లో పెట్టాలి. ఆ నిమిషాలు పనితీరు స్కోరును తగ్గిస్తాయి, స్కోరు ఇన్సెంటివ్‌ను కోస్తుంది. వెళ్లొద్దని ఎవరూ అనరు, వెళ్తే డబ్బు పోతుంది. వందమంది పావుగంట చొప్పున వాడుకుంటే 1,500 నిమిషాలు, అంటే ముగ్గురి షిఫ్టు. వందకు మరో నలుగురిని తీసుకుంటే తీరే లోటును ఉద్యోగుల మూత్రాశయాల మీద రుద్దుతున్నారు. టాయిలెట్ సమయాన్ని పనితీరు లెక్కలోంచి పూర్తిగా తీసేయించండి. చేసిన వస్తువుల లెక్కన కూలి ఇచ్చే పీస్ రేటు పనిలో కూడా టార్గెట్‌ను ఈ సమయం తీసేశాకే వేయించండి.

ఒంటరిగా కాపలా కాసే గార్డుకు, బస్సు డ్రైవర్‌కు ఈ లెక్కలేవీ పనికిరావు. గార్డు ఫోన్ చేస్తే 15 నిమిషాల్లో మరొకరు రావాలి. డ్రైవర్‌కు ట్రిప్పు చివర టైమ్‌టేబుల్‌లోనే విరామం ఉండాలి, బస్సు ఆలస్యమైనా దాన్ని మింగేయకూడదు.

టోకెన్లు, పేరు రాసే బోర్డులు, తలుపు దగ్గర టైమ్ చూసే మనిషి: వీటిని నిషేధించమని కోరుతున్నాం. ఇవి పెద్దవాళ్లను అవమానించడమే. ఎక్కువసార్లు వెళ్లేవాళ్లను డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మనడం కూడా ఆపించాలి. దానివల్ల వాళ్ల జబ్బు లైన్‌లో అందరికీ తెలిసిపోతోంది.

ఇక తనిఖీ. అధికారి తీరిక వేళ కాకుండా విరామం గంట కొట్టినప్పుడు రావాలి. అన్నిటికన్నా దూరాన ఉన్న సీటు నుంచి టాయిలెట్‌కు నడిచి టైమ్ చూసుకోవాలి. దుమ్ము చొరకుండా ప్రత్యేక గౌను తొడుక్కుని పనిచేసే క్లీన్ రూమ్ అయితే గౌను విప్పి మళ్లీ తొడుక్కునే సమయం కూడా కలపాలి. లోపల గడియ, లైటు, నీళ్లు, సబ్బు, మూత ఉన్న చెత్తబుట్ట ఉన్నాయో చూడాలి. మూడు నెలల జీతం కోతల పట్టీని, బ్రేక్ కోడ్‌ల రికార్డును తెప్పించుకోవాలి. కార్మికులతో సూపర్‌వైజర్ లేనిచోట మాట్లాడి ఒక ప్రశ్న తప్పక అడగాలి: డ్యూటీలో ఉండగా నీళ్లు తాగుతున్నారా? తాగడం లేదని ఎక్కువమంది అంటే ఆ జవాబును నివేదికలో ఉల్లంఘనగా నమోదు చేసే అధికారం ఆయనకు ఇవ్వండి. జవాబు చెప్పినవాళ్ల పేర్లు మాత్రం యాజమాన్యానికి ఇచ్చే ప్రతిలో ఉండకూడదు.

ఇట్లు,
పని ప్రదేశాల్లో ఆరోగ్యం, భద్రత చూసే ఉద్యోగులం