బస్రా రాతి మీద లేని పేర్లు: కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మొదటి ప్రపంచ యుద్ధంలో మన సిపాయిలు ఎక్కువ మంది వెళ్లింది ఫ్రాన్స్‌కు కాదు, మెసపొటేమియాకు. అంటే నేటి ఇరాక్‌కు. అక్కడ సమాధి తెలియని 40 వేల పైచిలుకు మృతుల కోసం 1929లో బస్రా స్మారకాన్ని ఆవిష్కరించారు. బ్రిటిష్ సోల్జర్ ఏ హోదా వాడైనా పేరు చెక్కారు. మనవాళ్లలో సుబేదార్లు, జమాదార్ల వంటి అధికారులకే ఆ భాగ్యం. మిగతావాళ్లంతా రెజిమెంటు కింద ఒక అంకె. రెండేళ్ల ముందు ఫ్రాన్స్‌లోని నూవ్ షపెల్‌లో మాత్రం 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కగలిగారు మరి! ఈ తేడాను కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘమే 2021 ఏప్రిల్ నివేదికలో ఒప్పుకుంది. తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు కూలీల గతి ఇంకా అన్యాయం.

రాతి పని మీ చేతిలో లేదు, కాగితం పని ఉంది. లాహోర్ మ్యూజియంలోని 26,000 పేజీల పంజాబ్ రిజిస్టర్లను, అంటే ఆ యుద్ధానికి వెళ్లినవాళ్ల ఊరివారీ పట్టికలను, 2021 నుంచి కొన్ని జిల్లాలతో మొదలుపెట్టి ఊరి పేరుతో వెతుక్కునేలా చేస్తున్నారు. పాత మద్రాసు ప్రెసిడెన్సీకీ అలాంటి సూచీ కావాలి. జాతీయ అభిలేఖాగారం మీ శాఖ కిందిదే.

ఇంటిపేరుతో వెతికే పద్ధతి ఇక్కడ పనిచేయదు. రికార్డులో సాధారణంగా ఒక్క పేరు, ఉంటే తండ్రి పేరు, ఊరు, తాలూకా. గుమాస్తా చెవికి పట్టినట్టు రాసుకున్నాడు కనుక అప్పలస్వామి ఒకచోట 'అపల్‌సామి', ఇంకోచోట 'ఉప్పల్‌సామి' కావచ్చు. సరిదిద్దిన పేరు పక్కనే పాత స్పెల్లింగును ఉన్నదున్నట్టు ఉంచాలి, చెరిపేస్తే మూలానికి తిరిగి వెళ్లే దారి పోతుంది. 'విజగపటం' అని ఉన్నంత మాత్రాన ఆ ఊరు నేటి విశాఖ జిల్లాలోదే కానక్కర్లేదు, శ్రీకాకుళం వైపుదీ కావచ్చు. అందుకే ముందు 1914 నాటి తాలూకాల పట్టిక, దాని మీద ఇప్పటి మండలాలు. 'డ్రైవర్' అంటే మోటారు నడిపేవాడని పొరబడేరు, చాలాచోట్ల కంచరగాడిదలు తోలినవాడు.

అన్నిటికన్నా ముఖ్యం, జాబితాను సిపాయిలతో ఆపేయకండి. నీళ్లు మోసిన భిస్తీ, డోలీ మోసినవాడు, వంటవాడు, చాకలి, స్వీపర్ 'ఫాలోయర్' అనే వేరే పద్దులో ఉంటారు. యూనిట్ పేరుతో వెతికితే మొదట జారిపోయేది వాళ్లే. పని ఆ పద్దుతోనే మొదలుపెట్టించండి.

భవదీయులు,
సైనిక రికార్డులు చదివే కొందరు