చెక్క గరిటె మంచిదే, ఏ చెక్కో చెబితే

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో కాలువలు కట్టేశాక డెల్టాలో ఏ లాకు దగ్గర నిలబడి చూసినా తూము నోటికి అడ్డంపడ్డ ప్లాస్టిక్ గ్లాసులూ చెంచాలూ కనబడతాయి. వాటిని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ఆ తర్వాత పెళ్ళి బఫేల్లోనూ ఎగ్జిబిషన్ స్టాళ్ళలోనూ చెక్క సామాను బాగా పెరిగింది. సంతోషమే. కాని ‘ఎకో’ చీటీ అంటించిన ప్రతి చెక్కా మేలు చేయదు. ఏ చెట్టుది, పైన ఏం పూశారు, ఎన్నేళ్ళు ఆగుతుంది అన్నది అడగాలి. వడ్రంగం పనిలో ఉన్నవాళ్ళంగా మాకు తెలిసింది రాస్తున్నాం.

ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కార్బనే. అంటే 60 గ్రాముల గరిటెలో 30 గ్రాములు. ఆ కాస్త కార్బన్ గాలిలో కలవకుండా ఆగినంతలో భూమి చల్లబడుతుందనుకుంటే అది భ్రమ. అసలు లాభం వేరే ఉంది. స్టీలు అట్లకాడ గీకితే నాన్‌స్టిక్ పెనం పూత లేచి పెనం చెత్తకుప్పలో పడుతుంది. చెక్కదైతే పూత ఎక్కువ కాలం ఆగుతుంది. మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ గరిటెల సంగతి చూడండి. 70 డిగ్రీలు దాటిన వేడికి వాటిని వాడొద్దని జర్మనీ ప్రభుత్వ ప్రమాద అంచనా సంస్థ ఎప్పుడో చెప్పింది. మన పులుసు మరిగేది 100 దగ్గర. ‘వెదురు కప్పు’ పేరుతో వచ్చేవాటిలో కొన్ని వెదురు పొడిని ఇదే మెలమైన్ జిగురుతో అచ్చుపోసినవి. అవి మట్టిలో కలవవు.

కోనసీమలో కొత్తగా చెట్టు కొట్టే పనే లేదు. కాపు ఉడిగిన కొబ్బరి, గాలివానకి పడ్డ పనస, మామిడి, కరెంటు తీగల కోసం నరికిన వేప కొమ్మలు చాలినన్ని ఉన్నాయి. ముదురు కొబ్బరి మానులో బయటి రెండంగుళాలే నల్లగా గట్టిగా ఉంటాయి, లోపలంతా బెండు. ఆ గట్టి భాగం అప్పడాల కర్రకి, పిడులకి బాగుంటుంది గాని ఉలి పదును తొందరగా పోతుంది. గరిటెకి పనస మేలు, చెక్కడం తేలిక, నీటికి ఓరుస్తుంది. (బొబ్బిలి వీణ చేసేదీ పనసతోనే.) కొత్త వేప గరిటెని పాయసంలో పెట్టకండి, చేదు తగులుతుంది. మాంసం కొట్లో చింత మొద్దు కత్తి దెబ్బకి ఓర్చేది ఎందుకంటే, దుంగని అడ్డంగా కోసి నిలబెడితే నారలు పైకి ఉంటాయి. కత్తి వాటి మధ్యకి దిగుతుంది, పెచ్చు లేవదు.

రెండు చెక్కలు వంటింటికి పనికిరావు. ఒకటి మడ అడవుల్లోని తిల్ల. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. అయినా మడ చెట్టు మీద కత్తి పెట్టడమే తప్పు. రెండోది ఓడరేవు నుంచి వచ్చే ప్యాలెట్ (సరుకు కింద పెట్టే చట్రం) చెక్క. దాని మీద హెచ్‌.టి. ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేశారని, ఎం.బి. ముద్ర ఉంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించారని అర్థం. ఎం.బి. ముద్ర ఉన్నది గరిటెకి కాదు గదా, పొయ్యికి కూడా వద్దు.

పని చెడేది ఎక్కువగా తొందర వల్లే. అంగుళం మందం పలక నీడలో ఆరడానికి సుమారు ఏడాది పడుతుంది. తడి కొసల నుంచి ముందు పోతుంది కాబట్టి కొసలకి మైనం పూయాలి, పలకకీ పలకకీ మధ్య పుల్లలు పెట్టాలి. లేకపోతే కొసలు బీటలిస్తాయి. మధ్యనున్న చేవని వదిలి, పైనున్న తెల్ల చెక్కతో చేస్తే పుచ్చు పడుతుంది, ఆర్నెల్లలో గరిటె కింద సన్నటి పిండి రాలుతుంది. చెక్కాక 80, 120, 220 నంబరు శాండ్ పేపర్ వరసగా పట్టాలి. తర్వాత ఒక్కసారి నీళ్ళలో తడిపి ఆరనివ్వండి, నార నూగులా పైకి లేస్తుంది. దాన్ని మళ్ళీ 220తో తీసేయాలి. ఈ తడుపు ఎగ్గొట్టిన గరిటె మొదటి పప్పులోనే గరగరలాడుతుంది.

ఇక నూనె. నువ్వుల నూనె, వేరుశనగ నూనె చెక్కలో గట్టిపడవు, నెలకే ముక్కిన వాసన కొడతాయి. పచ్చి అవిసె నూనె గట్టిపడుతుంది గాని రోజులు పడుతుంది. రంగుల కొట్లో దొరికే ‘బాయిల్డ్’ రకంలో త్వరగా ఆరడానికి లోహపు మందు కలుపుతారు, అది వంట సామానుకి వద్దు. అవిసె నూనె తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడేస్తే దానంతటదే నిప్పంటుకోవచ్చు. పరిచి ఆరేయండి. ఇంట్లో తేలిగ్గా చేసుకునేది 100 గ్రాముల కొబ్బరి నూనె, 25 గ్రాముల తేనె మైనం. వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. పూసి, అరగంటాగి మిగిలింది తుడిచేయాలి. రోజుకొకటి చొప్పున మూడు పూతలు, తర్వాత నెలకొకటి, ముసురు రోజుల్లో పదిహేను రోజులకొకటి.

మన దగ్గర బూజే పెద్ద శత్రువు. చెక్కలో తడి నూటికి 20 పాళ్ళు దాటితే దానికి దారి దొరికినట్టే. సింకులో నానబెట్టొద్దు, ఎర్రటెండలో పెట్టొద్దు. కడిగి, తుడిచి, గాలాడే చోట నిలబెట్టాలి. కూరగాయల పలక బల్లమీద పడుకోబెడితే అడుగున తడి నిలిచి వంకరపోతుంది. చెక్క పలకలో క్రిములుంటాయన్న భయానికి 1990ల్లోనే అమెరికాలో డీన్ క్లైవర్ బృందం జవాబిచ్చింది. కత్తి గాట్లు పడ్డ ప్లాస్టిక్ పలకే శుభ్రం చేయడం కష్టమని వాళ్ళు తేల్చారు. అయినా పచ్చి చేపకి వేరే పలక ఉంచుకోండి.

బఫేల్లో ఒక్క పూట వాడి పారేసే చెక్క చెంచాలని మాత్రం మేం మెచ్చుకోలేం. కడుక్కునే స్టీలు చెంచా వాటికన్నా నయం.

మా కోరిక రెండు ముక్కలు. స్టాళ్ళలో, రైతుబజార్లలో అమ్మే చెక్క సామాను మీద చెక్క పేరూ పూత పేరూ రాయించాలి. తీగల కింద నరికిన కొమ్మల్ని పంచాయతీలు కుప్పగా తగలబెట్టకుండా, మణికట్టుకన్నా లావున్నవి ఏరి వడ్రంగులకి వేలం వేయాలి.

ఇట్లు,
వడ్రంగి పనివాళ్ళు కొందరు,
అంబాజీపేట