కర్చీఫ్ వేసి సీటు ఆపినవాళ్లకు

నిన్నటితో నేను సిగరెట్ మానేసి ఏడాది నిండింది. ఒంగోలు దగ్గర కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా పనిచేస్తున్నాను, వయసు 46. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టాను. మానేసే నాటికి రోజుకు పద్దెనిమిది, రాత్రి డ్యూటీ పడితే ఇంకో నాలుగు. ఈ ఏడాది నా ఒక్కడి వల్ల గడవలేదు. ఎవరెవరి వల్ల గడిచిందో అందరి ముందూ చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాస్తే వాళ్లు ఇబ్బంది పడతారు. చదివితే ఎవరి గురించో వాళ్లకు తెలుస్తుంది.

మాది టంగుటూరు వైపు పల్లె, నాన్న పొగాకు రైతు. బ్యారన్ (పచ్చి పొగాకు ఆకును వేడి పెట్టి ఆరబెట్టే కొట్టం) కాల్చే రోజుల్లో రాత్రిళ్లు నాన్న పక్కనే గోనెపట్టా మీద పడుకునేవాణ్ణి. ఆకు పచ్చదనం పోయి పసుపు తిరిగేటప్పుడు వచ్చే వాసన నాకు ఇప్పటికీ ఇష్టమే, అబద్ధం చెప్పను. నా చదువు, అక్క పెళ్లి ఆ వేలం డబ్బులతోనే జరిగాయి. నాన్న చుట్ట తాగేవాడు. చివరి నాలుగేళ్లు మంచం దిగి నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి కోసం ముందుకు వంగి కూర్చునేవాడు. అది చూసి తట్టుకోలేక పెరట్లోకి వెళ్లి నేను సిగరెట్ వెలిగించుకునేవాణ్ణి.

మానడానికి ప్రయత్నించలేదని కాదు. అయ్యప్ప మాల వేసుకున్న మూడుసార్లూ 41 రోజులు ముట్టలేదు. మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలు. "మాలలో ఉండగలిగినవాడివి, మామూలుగా ఎందుకు ఉండలేవు?" అని ఇంట్లోవాళ్లు అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. దేవుడి మీద భయం తప్ప నా సొంత గట్టిదనం ఏమీ లేదని లోపల కుమిలిపోయేవాణ్ణి. నికోటిన్ చూయింగ్ గమ్ కూడా కొన్నాను. మామూలు బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే గొంతు మండి, ఎక్కిళ్లు వచ్చాయి. రెండు రోజుల్లో పారేశాను.

పోయిన ఏడాది దగ్గు తగ్గక సర్కారు ఆస్పత్రికి వెళితే, పొగాకు మానిపించే విభాగానికి పంపారు. డాక్టరమ్మా, మీరు నన్ను తిట్టలేదు. ముందు ఆ సంగతికి మీకు దండం. ఎన్ని తాగుతావు అన్నాక మీరు అడిగిన రెండో ప్రశ్న, "నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తావు?" అని. మంచం మీదే అన్నాను. "అయితే ఇది నీ గుణం తప్పు కాదు, మెదడు నికోటిన్‌కు అలవాటు పడిపోయింది. దానికి మందు ఉంది" అన్నారు. ఇరవై ఏడేళ్లలో ఆ మాట నాతో అన్న మొదటి మనిషి మీరే. తర్వాత ఒక చిన్న మిషన్‌లోకి ఊదమన్నారు. సిగరెట్ పొగతో ఊపిరిలో చేరే విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్, 22 చూపించింది, అంటే ఎక్కువే.

మీరు రాసింది వరెనిక్లిన్ మాత్ర. మొదటి మూడు రోజులు అర మిల్లీగ్రాము ఒకపూట, తర్వాత నాలుగు రోజులు అదే రెండు పూటలా, ఎనిమిదో రోజు నుంచి ఒక మిల్లీగ్రాము రెండు పూటలా, మొత్తం పన్నెండు వారాలు. మొదటి వారం సిగరెట్ తాగుతూనే మాత్ర వేసుకోవచ్చు, ఎనిమిదో రోజు మానేద్దాం అని తేదీ కూడా మీరే కాగితం మీద రాశారు. కిడ్నీల జబ్బు ఉందా, ఎప్పుడైనా మనసు బాగాలేక మందులు వాడావా అని అడిగి అడిగి రాసుకున్నారు. కాబట్టి ఇది చదివి ఎవరూ తమంతట తాము కొనుక్కోవద్దు, డాక్టరుకు చూపించుకున్నాకే వాడండి.

మా ఊళ్లో ఆ మాత్ర దొరకలేదు. మెడికల్ షాపు తమ్ముడు విజయవాడ నుంచి తెప్పించాడు. కోర్సు మధ్యలో ఆగకూడదని, చీటీ నకలు తన దగ్గర పెట్టుకుని, అయిపోయే వారం ముందే తెచ్చి ఉంచేవాడు. తమ్ముడూ, ఒక్క రోజు కూడా మందు తప్పలేదంటే అది నీ వల్లే.

మొదటి వారం కష్టపడ్డాను. అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో వేసుకోమంటే, తొందరలో ఒట్టి టీ మీద వేసుకుని వాంతి చేసుకున్నాను. కలలు కళ్లకు కట్టినట్టు వచ్చేవి. కలలో సిగరెట్ తాగి, తప్పు చేసినట్టు ఉలిక్కిపడి లేచేవాణ్ణి. ఈ మందు ఒంటికి ఎలా పడుతుందో తెలిసేదాకా స్తంభం ఎక్కవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. మా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) సారుకు భయపడుతూనే చెప్పాను. సార్, మీరు ఒక్క ప్రశ్న వేయకుండా పది రోజులు నాకు కింద పనే వేశారు. నా బదులు పైకెక్కిన ఇద్దరు అన్నలకూ రుణపడి ఉన్నాను.

ఇక శనివారం మనుషులు, నాలాగే పొగాకు మానడానికి వచ్చేవాళ్లు. ఆస్పత్రి ఆవరణలో వేపచెట్టు కింద సాయంత్రం ఐదింటికి కూర్చునేవాళ్లం, మొత్తం ఏడుగురం. అందరికీ పెద్ద, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన బాబాయి. ఆయన మానేసి అప్పటికే రెండేళ్లు, అయినా ప్రతి వారం వచ్చేవాడు. డాక్టరమ్మ చెప్పింది నాకు సగమే అర్థమైతే, మిగతాది ఆయన చెప్పాడు. "మన తలలో నికోటిన్ కూర్చునే సీట్లు ఉంటాయిరా. ఈ మాత్ర ముందే పోయి ఆ సీట్ల మీద కర్చీఫ్ వేస్తుంది. పొగ వచ్చి చూస్తే సీటు ఖాళీ ఉండదు." అది అక్షరాలా నిజం. పదో రోజున ఆపుకోలేక రెండు దమ్ములు లాగితే ఏ రుచీ లేదు, గడ్డి కాల్చినట్టుంది. ఆ మాత్ర సీటు ఆపడమే కాదు, కొంచెం తృప్తి కూడా ఇస్తుందట, అందుకే పాతసారి పడ్డ చిరాకూ చేతుల వణుకూ ఈసారి పెద్దగా లేవు.

గమ్ వాడే ఆటో అన్నకు, నెమ్మదిగా నాలుగు నములు నమిలి, కారం తగలగానే బుగ్గకూ చిగురుకూ మధ్య దాచుకోవాలని చూపించింది కూడా బాబాయే. మా గుంపులో శ్రీకాకుళం వైపు నుంచి కూతురి దగ్గరకు వచ్చిన ఒక అత్త ఉంది. ఆమెది అడ్డపొగ, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. ఆ తీరాన చాలామంది ఆడవాళ్లకు ఉన్న అలవాటు, అంగిలికి క్యాన్సర్ తెచ్చే అలవాటు. నలభై ఏళ్లు తాగిన మనిషి, ఏ మాత్రా లేకుండా, మా మధ్య కూర్చుని మానేసింది. అత్తా, నిన్ను చూసి సిగ్గుపడి నేను చాలాసార్లు జేబులోంచి చెయ్యి తీశాను.

మా కట్టుబాటు ఒకటే: వెలిగించే ముందు ఎవరికో ఒకరికి ఫోన్ చెయ్యాలి. ఆ కోరిక కొద్ది నిమిషాలే గట్టిగా ఉంటుంది, మాట్లాడుతుంటే దాటిపోతుంది. అర్ధరాత్రి ఫీడర్ ట్రిప్ అయి (లైను పడిపోయి కరెంటు పోయి) నేను డ్యూటీలో ఉన్నప్పుడు కూడా ఫోన్ ఎత్తారు మీరు. ఒకరోజు ఎవరూ ఎత్తకపోతే, పాత సిగరెట్ పెట్టె మీద అచ్చేసిన 1800-11-2356కు చేశాను. తెలుగులోనే మాట్లాడారు, పైసా ఖర్చు లేదు, తర్వాత వాళ్లే తిరిగి ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగారు. ఆ గొంతు ఎవరిదో తెలియదు. అమ్మా, మీకు కూడా.

యాభై మూడో రోజు మా బావ పెద్దకర్మలో తప్పాను. అందరూ తాగుతుంటే ఒకటి పూర్తిగా తాగేశాను. రాత్రి గ్రూపులో ఆ సంగతి రాసి, ఇక శనివారం రాను అన్నాను. గంటలో బాబాయి మోపెడ్ మీద మా ఇంటి ముందు ఉన్నాడు, పన్నెండు కిలోమీటర్లు వచ్చాడు. ఎందుకు తాగావని అడగలేదు. "రాత్రి మాత్ర వేసుకున్నావా?" అన్నాడు. లేదన్నాను. మా ఇంటావిడ పెట్టిన అన్నం నాతో పాటు తిని, మాత్ర వేయించి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. బాబాయీ, ఆ రాత్రి నువ్వు రాకపోతే ఈ ఏడాది లేదు.

మూడో నెలలో మళ్లీ మిషన్‌లోకి ఊదితే 3 వచ్చింది. డాక్టరమ్మ ఆ అంకె పైకి ఎత్తి చూపిస్తే వేపచెట్టు కింద అందరూ చప్పట్లు కొట్టారు. మా నాన్న గుర్తొచ్చి నాకు మాట రాలేదు.

చివరిగా మా ఇంటావిడ. ఇరవై ఏళ్లు నా చొక్కాలు ఉతికేముందు జేబు తిరగేసి పొగాకు నలక దులిపింది, ఒక్కరోజూ గట్టిగా అనలేదు. ఇప్పటికీ జేబులో చెయ్యి పెట్టి చూస్తుంది. ఇప్పుడు అందులో సోంపు పొట్లం దొరుకుతుంది, కొంచెం తను నోట్లో వేసుకుని మిగతాది నా చేతికిస్తుంది.