పారిస్‌ను నిలబెట్టినవి గోడలు కావు, వంతెనలు

సంపాదకులకు నమస్కారం.

885-886 నాటి పారిస్ ముట్టడిపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆపకుండా చదివించింది. అయితే ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన దోపిడీదారులైన వైకింగులు రాతి గోడలు ఎక్కలేక ఓడారనీ, చివరికి చక్రవర్తి వచ్చి వారిని తరిమేశాడనీ రాయడం సరికాదు.

వైకింగుల గురి ఊరి మీదకన్నా నది మీదే ఎక్కువ. అప్పటి పారిస్‌కు గుండెకాయ సీన్ నది నడుమనున్న లంక. దాని చుట్టూ రోమన్ల కాలపు గోడ ఉన్న మాట నిజమే. కానీ ఎగువకు పోయే పడవలకు అడ్డుపడింది లంకను రెండు ఒడ్డులతో కలిపే రెండు వంతెనలు. అందుకే 885 నవంబరులో వచ్చిన వైకింగుల నాయకుడు సిగ్‌ఫ్రెడ్ పారిస్ బిషప్ (క్రైస్తవ మతాధికారి) గోజ్లిన్‌ను ముందుగా అడిగింది దారి వదలమని. కుదరదన్నాకే దాడికి దిగాడు.

ఉత్తరపు వంతెన కొసనున్న బురుజు అప్పటికింకా పూర్తికాలేదు. మొదటి రోజు పోరులో దెబ్బతిన్న దానిపై ఊరివాళ్లు రాత్రికి రాత్రే కొయ్యతో ఇంకో అంతస్తు లేపారు. మర్నాడు పునాది తవ్వబోయిన వాళ్ల నెత్తిన కాగిన నూనె, మైనం, తారు కలిపి కుమ్మరించారు. జనవరి ఆఖరున వైకింగులు బురుజు కందకాన్ని చెట్లతో, గడ్డితో, పశువుల కళేబరాలతో, చివరికి బందీల శవాలతో కూడా పూడ్చబోయారు. కట్టెలు నింపి నిప్పంటించిన మూడు పడవలను ఒడ్డు నుంచి తాళ్లతో వంతెన వైపు లాగారు. అవి వంతెన కాళ్ల చుట్టూ పోసిన రాళ్ల గుట్టలకు తట్టుకుని ఆగిపోయాయి.

రెండు నెలలకు పైగా వాళ్ల చేత కానిది ఫిబ్రవరి 6న వరద చేసింది. దక్షిణపు వంతెన తెగి, అవతలి బురుజులో 12 మంది చిక్కుకుపోయారు. వాళ్లను వైకింగులు చంపేశారు. ఊరి గోడ మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక చక్రవర్తి సంగతి. వసంతంలో 60 పౌండ్ల వెండి ముట్టాక సిగ్‌ఫ్రెడ్ వెళ్లాడు, మిగిలినవాళ్లు కదల్లేదు. అక్టోబరులో చక్రవర్తి చార్లెస్ ది ఫ్యాట్ పెద్ద సైన్యంతో వచ్చి ఊరి బయట మోమార్త్ కొండ దగ్గర దిగాడు కానీ కత్తి దూయలేదు. 700 పౌండ్ల వెండి ఇస్తానని ఒప్పుకుని, ఎగువనున్న బర్గండీ ప్రాంతాన్ని దోచుకోవడానికి వాళ్లకు దారి రాసిచ్చాడు! పారిస్ వాళ్లు అప్పుడు కూడా వంతెనల కింద నుంచి పోనివ్వలేదు. వైకింగులు పడవలను నేల మీద ఈడ్చుకుంటూ ఊరిని చుట్టి పోవలసి వచ్చింది. మరుసటి ఏడాది చార్లెస్ పదవి ఊడింది. 888లో పశ్చిమ ఫ్రాంకులు (నేటి ఫ్రాన్స్ ప్రాంతం వాళ్లు) ముట్టడిలో పారిస్‌ను కాపాడిన కౌంట్ ఓడోను రాజును చేసుకున్నారు.

చివరగా, వైకింగులు 700 ఓడల్లో 40,000 మంది వచ్చారన్న లెక్క. ఇది ముట్టడిని కళ్లారా చూసిన అబ్బో (ఆయన పేరే అది) అనే సన్యాసి లాటిన్ పద్యాల్లోది. అంటే సగటున ఓడకు 57 మంది. నార్వేలో దొరికిన గోక్‌స్టాడ్ ఓడ పొడవు సుమారు 23 మీటర్లు, తెడ్లు 32. అంతటివి 700 వరుసగా నిలిపితే 16 కిలోమీటర్లు దాటుతుంది. పడవలు అంతకన్నా చిన్నవంటే అన్ని వేల మంది పట్టరు. ఈ అంకెలను చాలామంది చరిత్రకారులు ఏనాడో పక్కన పెట్టారు. మీ వ్యాసంలోని పెట్టె వార్తలో మాత్రం నిర్ధారిత సత్యంలా వచ్చాయి. వచ్చే ఆదివారం సవరణ వేస్తే, ‘అబ్బో చెప్పిన ప్రకారం’ అన్న మాట ఆ అంకెల పక్కన చేర్చగలరు.

- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం