మదనపల్లె అమ్మాయి గురించి రెండు లైన్లేనా?

సంపాదకులు గారికి నమస్కారం,

ఈ మధ్య మీ పేపర్ సినిమా పేజీలో నటి బిందు మాధవి ఫోటో పెద్దగా వేసి కింద రెండు లైన్లు రాసినారు. ఒకటి చీర గురించి, ఇంకోటి వయసు పెరిగినా అందం తగ్గలేదని. అంతే. ఆమె మన పక్క మదనపల్లెలో పుట్టిందని కూడా రాయలేదు. మోడల్‌గా మొదలుపెట్టి సినిమాల్లోకి ఎట్లా వచ్చింది, తెలుగు వదిలి తమిళం పోయి ఏమేం పాత్రలు చేసింది, మళ్ళీ ఇక్కడికి ఎట్లా తిరిగొచ్చింది, ఇవేవీ లేవు. చదివి నాకు చాలా బాధేసింది సార్, అందుకే ఈ ఉత్తరం. పొడుగైందని కోయాల్సి వస్తే యాడన్నా కోసుకోండి గానీ కింద సినిమా ఛాన్సుల పేరుతో కట్టించుకునే ఫీజుల గురించి రాసింది మాత్రం దయచేసి ఉంచండి.

నేను కడపలో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతాను. డిగ్రీ చదివే అమ్మాయిలు, ఇంజినీరింగ్ అమ్మాయిలు కొలతలు ఇయ్యడానికి వస్తా ఉంటారు, అక్కా ఈ డ్రస్సు ఫోటోషూట్‌కి అక్కా కొంచెం బాగా ఫిట్టింగ్ రావాల అని చెప్పేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళల్లో మోడలింగ్ మీద నిజంగా ఆశ ఉండే పిల్లలు ఉన్నారు, ఎత్తు ఉంది, నడక ఉంది, కెమెరా అంటే భయం లేదు. కానీ మనూరి వైపు నుంచి ఎవరన్నా పోయినారా అక్కా అని అడుగుతారు. బిందు మాధవి అని చెప్తే, ఆమె తమిళమ్మాయి కదా అంటారు! రాయచోటి మీద పోయే బస్సు ఎక్కితే వచ్చే ఊరు మదనపల్లె, ఆ ఊర్లో పుట్టిన మనిషిని మన పిల్లలే తమిళమ్మాయి అనుకుంటా ఉంటే అందులో పేపర్ల బాధ్యత కూడా ఉంది కదా సార్.

ఆమె 1986లో పుట్టింది. నాన్న కమర్షియల్ టాక్స్ డిపార్ట్‌మెంట్లో ఆఫీసరు, ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగం, తిరుపతి, నెల్లూరు, గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ అట్లా ఊర్లు మారతా మారతా చివరికి చెన్నైలో స్థిరపడినారు. అక్కడ సత్యభామ యూనివర్సిటీలో బయోటెక్నాలజీ చదివింది, 2005లో డిగ్రీ అయిపోయింది. చదువుకునేటప్పుడే మోడలింగ్ మొదలుపెట్టి శరవణ స్టోర్స్ యాడ్ చేసింది. మన కడప వాళ్ళకి చెన్నై టీ నగర్ శరవణ స్టోర్స్ గురించి నేను చెప్పాల్సిన పని లేదు, పెళ్ళి పెట్టుకుంటే సగం జనం రైలెక్కి పోయేది ఆడికే. ఆ షాపు యాడ్‌లో చేసింది మన పక్క అమ్మాయి అని మాలో ఎంతమందికి తెలుసు?

నాకు ఆమె కథలో అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది వాళ్ళ ఇంటి సంగతి. సినిమాల్లోకి పోతానంటే నాన్నకి అస్సలు ఇష్టం లేదు, నెలల తరబడి తనతో మాట్లాడలేదని ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. గవర్నమెంట్ ఆఫీసర్ కూతురు, బయోటెక్ చదివిన పిల్ల, ఆ ఇంట్లో ఆ మౌనం ఎట్లా ఉంటాదో మన ఇండ్లల్లో ఉండేవాళ్ళకి బాగా తెలుసు. కోప్పడితే ఎదురు చెప్పొచ్చు, మాట్లాడకపోతే ఏం చేస్తారు? ఆమె ఆ నెలలు ఎట్లా గడిపింది, అమ్మ ఏమనింది, నాన్న మళ్ళీ మాట్లాడింది ఎప్పుడు, ఏ సినిమా చూసి, ఇవి మీ రిపోర్టర్లు అడిగి రాస్తే ఎంతమంది తల్లిదండ్రులు చదువుతారు సార్. మా షాపుకి కూతుర్లతో పాటు అమ్మలు కూడా వస్తారు, వాళ్ళ భయం కూడా నేను చూస్తానే ఉంటాను, ఆ భయం తప్పని నేను ఎప్పుడూ అనను.

తర్వాత టాటా గోల్డ్ యాడ్‌లో ఆమెని చూసి దర్శకుడు శేఖర్ కమ్ముల గారు పిలిపించినారు. ఆయన నిర్మించిన ఆవకాయ్ బిర్యానీ 2008లో వచ్చింది, దర్శకుడు అనీష్ కురువిల్లా. అందులో ఆమె పచ్చళ్ళు అమ్ముకుని తన కాళ్ళ మీద తాను నిలబడాలనుకునే అమ్మాయి. మొదటి సినిమాకే అట్లాంటి పాత్ర, గ్లామర్ కోసం పెట్టిన పాత్ర కాదు అది. సినిమా పెద్దగా ఆడలేదు. ఆ తర్వాత బంపర్ ఆఫర్‌లో హీరోయిన్‌గా చేసింది, కానీ ఓం శాంతి, రామ రామ కృష్ణ కృష్ణకి వచ్చేసరికి పాత్రలు చిన్నవైపోయినాయి. మొదటి హీరోయిన్ ఇంకొకరు, ఈమె రెండో ఆమె, ఇట్లా.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 2011లో ఆమె నాని గారితో రెండు సినిమాలు చేసింది. తెలుగులో పిల్ల జమీందార్, అందులో ఇద్దరు హీరోయిన్లలో ఒకరు. తమిళంలో వెప్పం, మన దగ్గర సెగ పేరుతో డబ్ అయి వచ్చింది, అందులో వేశ్య పాత్ర, చేయాలంటే ధైర్యం కావాలి, కొత్తగా వచ్చే అమ్మాయిలు ఇమేజ్ పోతాదని ఒప్పుకోరు. ఒకే సంవత్సరం, అదే హీరో, అదే నటి, తెలుగు వాళ్ళకి ఆమెలో కనపడనిది తమిళం వాళ్ళకి కనపడింది. 2012లో కళుగు వచ్చింది, కొండల మీద నుంచి దూకి చనిపోయినవాళ్ళ శవాలను లోయలో నుంచి తెచ్చే మనుషుల కథ, అందులో ఈమె టీ తోటలో పనిచేసే అమ్మాయి. ఫ్యాషన్ మోడల్ అని పేరు పడిన మనిషి టీ ఆకు కోసే అమ్మాయిగా నమ్మించింది! 2013లో కేడి బిల్లా కిలాడి రంగా, దేశింగు రాజా, రెండూ అక్కడ బాగా ఆడినాయి. అట్లా తమిళనాడులో ఇంటింటికీ తెలిసిపోయింది, మనం మాత్రం మర్చిపోయినాం.

తెలుగమ్మాయిలకి తెలుగు సినిమాల్లో అవకాశాలు రావు అని ప్రతి ఆడియో ఫంక్షన్లోనూ ఎవరో ఒకరు అంటానే ఉంటారు, అందరూ చప్పట్లు కొడతారు, మళ్ళా సినిమాకి భాష రాని అమ్మాయిని తెచ్చి ఇంకొకరితో డబ్బింగ్ చెప్పిస్తారు. బయట నుంచి వచ్చే అమ్మాయిల మీద నాకు ఏ కోపమూ లేదు, వాళ్ళూ కష్టపడేవాళ్ళే. కానీ మద్రాసులో వాహినీ స్టూడియో కట్టిన బి.ఎన్.రెడ్డి గారు, విజయా సంస్థ నడిపిన నాగిరెడ్డి గారు పులివెందుల వైపు వాళ్ళు, దర్శకుడు కె.వి.రెడ్డి గారు తాడిపత్రి ఆయన, పాత సినిమాల్లో అమ్మ వేషం అంటే గుర్తొచ్చే శాంతకుమారి గారు ప్రొద్దుటూరు పక్క ఆవిడ. తెలుగు సినిమాకి ఇంత ఇచ్చిన సీమ నుంచి ఇప్పుడు ఒక అమ్మాయి హీరోయిన్ కావాలంటే ఎందుకు ఇంత కష్టం, ఈ ప్రశ్న మీద మీ పేపర్ ఒక ఆదివారం సంచికలో పూర్తి పేజీ రాయొచ్చు.

2017లో కమల్ హాసన్ గారి తమిళ బిగ్ బాస్‌కి మధ్యలో పోయింది. 2022లో మన బిగ్ బాస్ నాన్ స్టాప్, నాగార్జున గారు హోస్టు, ఓటీటీలో 24 గంటలూ వచ్చేది. ఆమె అందులో గెలిచింది, తెలుగు బిగ్ బాస్ గెలిచిన మొదటి ఆడమనిషి ఈమే. మా షాపులో ఫోన్ పక్కన పెట్టుకుని చూస్తానే కుట్టేవాళ్ళం. గొడవ పడినా తప్పు మాట రాకుండా పడేది, అనాల్సింది మొహం మీదనే అనేది, అభిమానులు ఆడపులి అని పేరు పెట్టినారు. గెలిచిన రోజు ఆ ట్రోఫీని జీవితంలో ఆలస్యంగా గెలిచేవాళ్ళకి అంకితం ఇచ్చింది. అప్పటికి 35 ఏండ్లు. మన దగ్గర ఆ వయసు ఆడోళ్ళని సినిమావాళ్ళు అక్క వేషాలకి పిలుస్తారు, ఇంట్లోవాళ్ళు ఇంక నీకెందుకు అంటారు, అందుకని ఆ మాట విన్నప్పుడు మా షాపులో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు, నేను కూడా.

2023లో న్యూసెన్స్ అని ఆహా ఓటీటీలో సిరీస్ వచ్చింది, కథ మొత్తం మదనపల్లెలోనే, చిన్న ఊరి విలేకర్ల గురించి, నవదీప్‌తో కలిసి ఆమె చేసింది. పుట్టిన ఊరి కథలో నటించడం ఎంతమందికి దొరుకుతుంది? అదీ మీ జిల్లా పేజీలో రావాల్సిన వార్తే, విలేకర్ల కథ కూడా కదా. 2025 చివర్లో దండోరా సినిమాలో మళ్ళీ వేశ్య పాత్ర చేసింది. 2011లో ఉన్న ధైర్యం ఇప్పుడూ ఉంది.

ఇంక ఫీజుల సంగతి. మా బంధువుల అమ్మాయి ఒకామెకి సీరియల్లో ఛాన్స్ ఇప్పిస్తామని ఒక సంస్థ వాళ్ళు రిజిస్ట్రేషన్ అని కొంత, పోర్ట్‌ఫోలియో అని కొంత, ట్రైనింగ్ అని ఇంకొంత కట్టించుకున్నారు, తర్వాత ఫోన్లు ఎత్తలేదు. వాళ్ళ నాన్న పరువు పోతాదని పోలీసుల దగ్గరికి పోలేదు, ఆ పిల్ల ఇప్పుడు అద్దం ముందర నిలబడాలన్నా ఇష్టపడడం లేదు. ఇట్లాంటివి చిన్న ఊర్లలో ఎక్కువ జరగడానికి కారణం ఒకటే, అసలు పని ఎట్లా నడుస్తుందో ఎవరూ చెప్పరు. యాడ్‌కి ఆడిషన్ ఇయ్యడానికి నిజమైన కంపెనీ ఎవరూ డబ్బులు అడగరు. మోడల్స్‌కి పనులు చూపించే కోఆర్డినేటర్ ఉంటే పని అయి డబ్బులు వచ్చినాక అందులో నుంచి కమీషన్ తీసుకుంటాడు, ముందే కాదు. పోర్ట్‌ఫోలియో అంటే మంచి ఫోటోలు, అవి మనకి నచ్చిన ఫోటోగ్రాఫర్ దగ్గర మనమే తీయించుకోవచ్చు, ఫలానా చోటే తీయించుకోవాల అని బలవంతం చేస్తే అనుమానించాల్సిందే. మన ఫోటోని ఎన్నాళ్ళు వాడుకుంటారు, యాడ వాడుకుంటారు, టీవీలోనా హోర్డింగ్ మీదనా, ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వాల. ఆడిషన్‌కి అమ్మనో అన్ననో తోడు తీసుకుపోతామంటే వద్దనే చోటికి అసలు పోకూడదు. ఇదంతా నాకు మా షాపుకి వచ్చే అమ్మాయిల్లో యాడ్స్ చేసినవాళ్ళు చెప్పినారు, మీ పేపర్లో వస్తే ఊరూరా చేరతాది.

కాబట్టి సంపాదకులు గారూ, నేను అడిగేది ఇది. ఫోటోలు వేయండి, వద్దనను, బాగుంటాయి కూడా. కానీ మీ రిపోర్టర్ ఒకరు బిందు మాధవి గారితో తీరిగ్గా మాట్లాడి పెద్ద ఇంటర్వ్యూ వేయండి. పెళ్ళెప్పుడు, డైటింగ్ ఏంటి అని కాకుండా మొదటి యాడ్‌కి ఎంత ఇచ్చినారు, ఎన్ని ఆడిషన్లలో వద్దన్నారు, రెండో హీరోయిన్‌గా పిలిచినప్పుడు ఏమనుకుంది, తమిళం ఎట్లా నేర్చుకుంది, సినిమాలు లేని రోజుల్లో ఇల్లు ఎట్లా గడిచింది, ఇవి అడగండి. కడప, అనంతపురం, కర్నూలు, మదనపల్లె ఎడిషన్లు అన్నిట్లోనూ వేయండి, ఒక్క జిల్లాలో వేసి ఆపొద్దు. వేసే రోజు ముందుగా ఒక చిన్న ప్రకటన ఇస్తే మా షాపుకి నాలుగు కాపీలు ఎక్కువ చెప్పి పెట్టుకుంటాను, వచ్చే పిల్లలకి, వాళ్ళ అమ్మలకి ఇయ్యాల.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కడప