దెబ్బ గడ్డకట్టినప్పుడు కాదు, కరిగినప్పుడు

సంపాదకులకు,

శీతల దేశాల చెట్లలో నీరు గడ్డకట్టి, కుళాయి గొట్టాలు పగిలినట్టు నీరు మోసే నాళాలు పగిలిపోతాయని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. లంబసింగి మంచు ఫొటోలు వచ్చే రోజుల్లో ఏటా వినిపించే మాటే ఇది. వృక్షశాస్త్రం చెప్పేవాళ్లుగా మేం ఒప్పుకోలేం. గట్టి చలికి మాను నిలువునా చీలడం ఉంది, కానీ అది వేరే సంగతి.

ఫ్రిజ్‌లోని ఐసు ముక్క ఒకటి వెలుతురుకు పట్టి చూడండి. అంచులు గాజులా ఉంటాయి, నడుమ తెల్లగా మసక. ఆ తెలుపు గాలి బుడగలది. నీటిలో కరిగిన గాలికి ఐసులో చోటుండదు, బుడగలై బయటపడుతుంది. దారునాళంలోనూ, అంటే చెట్టులో నీరు మోసే నాళంలోనూ అంతే. గడ్డకట్టి ఉన్నంతసేపూ ఆ బుడగలతో పేచీ లేదు. కరిగాక ఆకులు నీటిని లాగడం మొదలుపెడతాయి. ఆ లాగుడు తక్కువగా ఉంటే బుడగ మళ్లీ నీళ్లలో కరిగిపోతుంది. ఎక్కువైతే ఉబ్బి నాళమంతా నిండుతుంది. ఇక ఆ నాళంలో నీరు పైకి ఎక్కదు.

నాళం వెడల్పు కొద్దీ బుడగ. లాగుడు వాతావరణ పీడనానికి ఐదు రెట్లుంటే, 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు నాళాలు దాదాపుగా తట్టుకుంటాయి, 40 దాటితే కష్టం. పైన్ చెట్టులో నీరు మోసే కణాలు సన్నవి, అందుకే మంచులోనూ పచ్చగా నిలుస్తుంది. ఓక్ చెట్టు వసంతంలో కట్టుకునే నాళాలు 200 దాటుతాయి. గట్టిగా గడ్డకట్టిన ఒక్క రాత్రికే దాదాపు అన్నీ పోతాయి. కాబట్టి ఆకు విప్పే ముందు ఏటా కొత్త నాళాలు కట్టుకుంటుంది. బర్చ్ చెట్టు మాత్రం వేళ్లలో పుట్టే పీడనంతో కింది నుంచి నీరు నెట్టి పాతవాటినే నింపుకుంటుంది.

బెంగళూరుకు ఈ గొడవ లేదు. ఇక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరిలో 7.8 డిగ్రీలు. కానీ అదే బుడగ ఇక్కడ మార్చి, ఏప్రిల్‌లో ఎండిన నేల దారిన వస్తుంది. లాగుడు హద్దు మీరితే, పక్కనున్న ఖాళీ నాళంలోని గాలి గోడల సన్నని పొరల గుండా లోపలికి దూరుతుంది. రోడ్డు వెడల్పు కోసం వేళ్లు నరికి, కొమ్మలన్నీ అలాగే ఉంచి, ఎండాకాలంలో మరోచోట నాటిన చెట్లకు జరిగేది ఇదే. ఆకులు వాడాక ట్యాంకర్ నీళ్లు పోసినా గాలి నిండిన నాళం పగటి లాగుడులో నిండదు. తరలించక తప్పకపోతే జూన్ వానలు పడ్డాక, ముందురోజే నేల లోతుగా తడిపి, వేళ్లు ఎంత పోయాయో ఆ మేరకు కొమ్మలు తగ్గించి, మట్టిముద్ద చెదరకుండా ఎత్తాలి. నిలబెట్టిన చెట్టు మొదట్లో సిమెంటు పోయకుండా ఉంటే ఇంకా మేలు.

వచ్చే సంచికలో ‘పగిలిపోతాయి’ అన్నచోట ‘గాలితో నిండిపోతాయి’ అని సవరించగలరు.

— వృక్షశాస్త్ర అధ్యాపకులు, మల్లేశ్వరం, బెంగళూరు